ఉమ్మిన గింజ

నా కాలివేలు కుళ్లింది. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. చెప్పు ఒరుసుకుని కుడికాలి బొటనవేలి మీద చిన్న పొక్కు లేచింది. మూడు వారాల్లో అది నల్లబడి చీము పట్టింది. కట్టు విప్పితే ఆ వాసనకు నేనే మొహం పక్కకు తిప్పుకునేవాణ్ని. చక్కెర జబ్బు ఉన్న సంగతి తెలుసు, మాత్రలు మాత్రం గుర్తొచ్చిన రోజే వేసుకునేవాణ్ని. కర్నూలులో డాక్టరు వేలు చూసి, "రెండు నెలలు చూద్దాం. బరువూ చక్కెరా దిగకపోతే వేలు తీసేయాల్సిందే," అన్నాడు. ఏం తినాలో, ఎట్లా తినాలో చెప్పే డైటీషియన్ను చూడమన్నాడు.

మా ఊరు ఆదోనిలో చూపించుకోవడానికి నాకు నామోషీ. నేను అక్కడి మార్కెట్ యార్డులో వేరుశనగ కొనే వ్యాపారిని. యార్డులో ఒకడికి తెలిస్తే సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది, మర్నాటికి నాకొక పేరు కూడా పెడతారు. అందుకని కాలికి బూటు తొడిగి, వేలు దాచుకుని, ఎమ్మిగనూరు బస్సెక్కాను.

డైటీషియన్ నందవరం వైపు రైతుల పిల్ల. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వారం రోజులు తిన్నదంతా రాసుకుని రమ్మంది. ఒట్టు, అబద్ధం ఒక్క ముక్క రాయలేదు. పొద్దున బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు. రాత్రి కాస్త అన్నం. ఆమె బజ్జీలు కొట్టేసింది, అన్నం తగ్గించింది. పదిహేను రోజులు నోరు కట్టుకుని మళ్లీ వెళితే బరువు పెరిగింది. నాకు ఒళ్లు మండింది.

"ఈ రాసిండేది తింటే ఇంత పొట్ట రాదన్నా," అంది ఆమె. "తిండి సంగతి ఇడిసిపెట్టండి. పొద్దున్నుంచి మీరు యాడుంటారు, ఏం పని జేస్తారు, అది సెప్పండి."

చెప్పాను. యార్డులో రైతులు పోసిన ప్రతి రాశి దగ్గరా ఆగుతాను. నాలుగు కాయలు వొలుస్తాను, గింజలు నోట్లో వేసుకుంటాను. పంటికింద పటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. చేదెక్కినా, ముక్కిన వాసన వచ్చినా నాలుక చెప్పేస్తుంది. చీటీలో రేటు రాసేది ఆ తర్వాతే. మా వ్యాపారుల్లో ఎక్కువ రాసినవాడికే ఆ రాశి.

"కొరికినాక ఏం జేస్తారు?"

"ఏం జేసేదేముందమ్మా, మింగడమే."

"సీజన్లో దినానికి ఎన్ని రాశులు?"

"యాభై, అరవై."

ఆమె పెన్ను కింద పెట్టింది.

"అది తిండి గాదమ్మా, పని," అన్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఒక్క రోజు కూడా అది తినడమని నాకు తోచలేదు.

నోట్లోకి పోవాల్సినవన్నీ ఒక్క రోజు సంచిలో వేసుకుని రమ్మంది. తెచ్చాను. ఆమె వాటిని బేసిన్లో పోసింది. ఛీ! మంచి గింజలతోపాటు బూజు పట్టినవి, పురుగు తొలిచినవి, మొలకొచ్చి ఎండినవి, మట్టి అంటినవి. చెడ్డవాటినే కదా మేం ముఖ్యంగా కొరికి చూసేది! ఆ బేసిన్ రోజూ నా కడుపులోకి పోతున్నదని తలుచుకుంటే అక్కడ కూర్చోలేకపోయాను. బయటికెళ్లి కాలవ పక్కన కక్కుకున్నాను.

తిరిగొచ్చాక ఆమె నీళ్లిచ్చి, "శెనక్కాయ సెడ్డది గాదన్నా. కడిగి, ఉడకబెట్టుకోని, కూసోని గుప్పెడు తింటే మంచిదే. మీరు తినడంల్యా, తప్పులు ఎతుకుతాండారు. ఇంట్లో గూడా ఇంతేనా?" అంది.

ఇంట్లోనూ అంతే. కంచం ముందుకు రాగానే వాసన చూస్తాను, రొట్టె అంచు కొరుకుతాను, ముఖం చిట్లిస్తాను. నూనె మారిందా అంటాను, పిండి పాతదా అంటాను. నా భార్య కంచం పెట్టి నా మూతి వైపు చూస్తూ నిలబడేది. తీర్పు వినడానికి నిలబడేదని నాకెప్పుడూ తట్టలేదు. ఆ మాట ఆ పిల్లకు చెప్పడానికి సిగ్గేసి తల మాత్రం ఊపాను.

"ఇంట్లో కూసోని తినండి, వంక పెట్టకుండా. యార్డులో కొరికి ఉమ్మేయండి," అంది.

ఇంట్లో ఎట్లాగో నోరు మూసుకున్నాను. యార్డులో చిక్కొచ్చింది. మాలో కొనేవాడు గింజను కొరికి ఉమ్మితే ఆ సరుకు చెడిందని లెక్క. వెనకొచ్చే వ్యాపారులు ఆ రాశి ముందు ఆగరు కూడా. అందుకని కొన్నాళ్లు రుమాల్లోకి ఉమ్మి జేబులో పెట్టుకున్నాను. ఆ తడి రుమాలు తొడకు తగిలితేనే రోత పుట్టేది. ఒకరోజు అది ఇంట్లో మర్చిపోయాను. మాధవరం నుంచి వచ్చిన ఒక రైతమ్మ రాశి ముందు గింజ కొరికి, అలవాటుకొద్దీ పక్కకు థూ అని ఉమ్మేశాను. బ్రహ్మాండమైన సరుకది. మంచి రేటు రాసి ముందుకు కదిలాను. వెనక నలుగురు వ్యాపారులు నా ఉమ్మిని చూసి, రాశిని చూసి, తప్పుకుని పోయారు.

రైతమ్మ అడ్డమొచ్చింది. "ఏమప్పా, నోట్లో పెట్టుకోనీకి అసయ్యమయ్యేంత పాపం ఏం జేసింది మా గింజ? మా పిల్లోల్లు ఇవే తింటాండారు. అందరి ముందర ఉమ్మినావు!"

రేటు బాగానే రాశానన్నాను. "నీ రేటొక్కటేనా? తక్కినోల్లు ఈపక్క సూడకుండా పాయిరి గదప్పా!" అంది. నిజమే. నేనొక్కణ్నే మిగిలితే ఆ సరుకుకు పోటీ ఎక్కడిది? నలుగురినీ పిలిచి సరుకు మంచిదన్నాను. "మరి ఉమ్మినావేంటికన్నా?" అన్నాడొకడు. నోటితో చెబితే నమ్మేలా లేరు.

అక్కడే, ఆ రాశి పక్కనే, బూటు విప్పాను. కట్టు కూడా విప్పాను. "దీనికోసం ఉమ్మినా. గింజ మింగితే ఇది తీసేస్తారంట," అన్నాను. ఒకడు ముక్కు మూసుకున్నాడు, ఇంకొకడు అటు తిరిగాడు. ఆమె మాత్రం వంగి, దగ్గరగా చూసింది.

"ఇంత కుళ్లు కాలికి పెట్టుకోనా నాయినా, మా గింజకు వాసన సూస్తాండావు?"

అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చాను. కానీ పోయినవాళ్లు తిరిగొచ్చారు, గింజలు కొరికారు, రేట్లు రాశారు. నాకంటే ఎక్కువ రాసినవాడికే ఆ రాశి పోయింది.

నేను కట్టు కట్టుకుంటుంటే ఆమె రెండు కాయలు వొలిచి నా చేతిలో పెట్టింది. "ఉమ్మొద్దు. రెండు గింజలకు ఏం గాదు. తిను."

తిన్నాను.

"ఎట్లుండాయి?"

"బాగా ఎండినాయమ్మా. తేమ లేదు."

"అది అడగల్యా నేను. రుసెట్లుందంటాండా."

ఆ నెలాఖరుకు బరువూ చక్కెరా దిగాయి, డాక్టరు వేలు ఉంచాడు. ఆ రోజు ఆ రైతమ్మ అడిగాక మాత్రం పంటి సందున మిగిలిన పలుకును నాలుకతో తిప్పి చూశాను. ముప్పై ఏళ్లు నమిలినవాణ్ని, గింజ నోట్లో ఉన్నా, అది తియ్యగా ఉందో కమ్మగా ఉందో నాకు తెలియలేదు.