ఉప్పు గిన్నెలో ఖర్జూర పాకం

ఒమాన్‌లోని ఖబూరాలో మా యజమాని, అంటే అర్బాబు గారి తెల్ల గుర్రానికి జరిగే మర్యాదలు చూస్తే ఏ మహారాణి అయినా రాజీనామా ఇచ్చేస్తుంది. పశువుల డాక్టరు మాట ప్రకారం దాని ముందు ఆరు గిన్నెలు పెట్టేవాళ్లం. ఒకదాంట్లో ఉప్పు, మిగతావాటిలో రకరకాల ఖనిజాల పొడులు. ఒంట్లో ఏది తక్కువైతే దాన్ని గుర్రమే ఎంచుకుని నాకుతుందట.

మూడేళ్లుగా ఆ డ్యూటీ నాదే. ఇంటికి ఫోన్ చేస్తే "నా గుర్రం" అనే చెప్పేవాణ్ణి. అలాంటిది, నాకు తోడుగా కొత్తగా పనిలోకి వచ్చిన హైదరాబాదు భాయ్ గిన్నెలు నింపితే లొట్టలేసుకుంటూ నాకేది. నేను నింపితే వాసన చూసి, మస్కట్ దాకా వినపడేలా తుమ్మేది.

"నారాజ్ గాకు అన్నా, నీ చేతిల రుచి లేదు," అని నవ్వాడు భాయ్. నా కడుపుమంట మీద కుండెడు బిర్యానీ ఉడికేది.

మర్నాడు ఉప్పులో గుట్టుగా ఖర్జూర పాకం కలిపాను. గుర్రం గిన్నె అడుగు అరిగేదాకా నాకింది. నేను మీసం దువ్వుకుంటుండగా అర్బాబు వచ్చి, ఖాళీ ఉప్పు గిన్నె చూసి అదిరిపడ్డాడు.

"ఇంత ఉప్పు తిన్నదంటే, మూడేళ్లు దీన్ని ఉప్పు లేకుండా మాడ్చావా!" అని గుర్రాన్ని భాయ్‌కి అప్పగించాడు. పాకం సంగతి చెబితే ఉద్యోగమే ఊడుతుంది. పగ్గం భాయ్ చేతికిస్తూ, "ఉప్పు బాగా పెట్టు తమ్ముడూ, పాపం," అన్నాను.