పోలమ్మప్ప పెంచిన పగడాలు

గత మంగళవారం ఉదయం రెండో పీరియడు పాఠం చెబుతూండగా బల్లమీద ఫోను మోగింది. తరగతిలో ఫోను ఎత్తకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఆ పేరు చూసి ఎత్తాను. కళింగపట్నం నుంచి పోలమ్మప్ప తమ్ముడు ఎర్రయ్య.

"భారతమ్మా, మా అప్ప ఎల్లిపోనాదమ్మా. పొద్దున్నే ఒడ్డుకెల్లి వచ్చి అరుగుమీద కూకున్నాది. టీ అడిగినాది. మా ఇంటిది గలాసు తెచ్చీసరికి ఒరిగిపోయున్నాది."

ఎదురుగా నలభైమంది విద్యార్థినులు. నల్లబల్లమీద నేనే గీసిన పగడపు జీవి బొమ్మ. ఆ బొమ్మను నాకు తొలిసారి సజీవంగా చూపించిన మనిషి అస్తమించిందని విని కూడా, సుద్దముక్క అందుకుని బల్లవైపు తిరిగాను. పాఠం పూర్తిచేశానో లేదో ఇప్పటికీ గుర్తులేదు.

మైలపల్లి పోలమ్మ శ్రీకాకుళంలోని మా మహిళా కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లు అటెండరుగా పనిచేసింది. సీసాలు కడగడం, బల్లలు తుడవడం, ఫార్మలిన్‌లో ఊరే నిర్జీవ కళేబరాలను అలమరల్లోంచి తీసి మా ముందు పెట్టడం, మళ్లీ సర్దడం: అదీ ఆమె ఉద్యోగం. కళింగపట్నంలో తండ్రి, తమ్ముడు చేపలవేటకు వెళ్లేవారు. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది. పోలమ్మ పదో తరగతితో చదువు ఆపింది. మేమంతా ఆమెను అప్ప అనేవాళ్లం. మా వైపు అక్కని అలా పిలుస్తాం. ఆమె మమ్మల్ని గుంటలు, అంటే ఆడపిల్లలు, అనేది.

నరసన్నపేట దగ్గర వరిపొలాల మధ్య పుట్టిన నాకు సముద్రమంటే అలలే. మొదటి సంవత్సరంలో ఒకనాడు ప్రయోగశాలలో పసుపుపచ్చగా మారిన పగడపు జీవి ఉన్న ఒక సీసా ముందు కూర్చుని బొమ్మ గీస్తున్నాను. అప్ప వెనకనుంచి చూసి నవ్వింది.

"ఏటే గుంటా, సచ్చినదాన్ని సూసి బతికినదాని బొమ్మ ఏస్తన్నావా? సాయంత్రం మా ఇంటికి రా. సూపిస్తాను."

ఆ సాయంత్రం రెండు గదుల అద్దె ఇంట్లో, మంచం వేయవలసిన చోట, ఒక మూడడుగుల గాజుతొట్టి చూశాను. కళాశాల పగిలిందని పారేసిన తొట్టి అది, ఆమె అతికించుకుంది. లోపల నీలపు వెలుగులో ఒక రాతినిండా చొక్కా గుండీలంత పువ్వులు, ఆకుపచ్చ అంచులతో, నారింజరంగు మధ్యభాగాలతో, ప్రవాహానికి మెల్లగా ఊగుతున్నాయి. వాటి పక్కన తోలులాంటి మెత్తని పగడమొకటి వేలకొద్దీ వేళ్లు చాచి నిలుచుంది. చారల చేపలు రెండు దాని చుట్టూ కాపలా తిరుగుతున్నాయి. అంత సౌందర్యం అంత ఇరుకుగదిలో ఉండగలదని నేనెన్నడూ ఊహించలేదు. వేలు పెట్టబోతే అప్ప చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"ముట్టకు. గుండీ పగడంలో ఇసముంటాది. కంట్లో పడితే కన్ను పోతాది. నానైనా తొడుగు లేకుండా ముట్టను."

ఆ రాయి ఆమెకు ఎర్రయ్య వలలో దొరికింది. వలకు చుట్టుకుని వచ్చిన పగడాల రాళ్లను వేటగాళ్లు విడదీసి ఇసకలో విసిరేస్తారు. ఎండలో పూటకే అవి చచ్చిపోతాయి. ఒకనాడు ఆమె అలాంటి రాయినొకదాన్ని తడిగోనెలో చుట్టి, బకెట్టు నీళ్లలో పెట్టి, బస్సెక్కి ఇంటికి తెచ్చింది. ఆ మొదటి రాయి పదిరోజుల్లో చచ్చింది. రెండోదీ చచ్చింది. విశాఖపట్నంలో చేపలు పెంచే ఒకాయన దగ్గరికి వెళ్లి రోజంతా కూర్చుని నేర్చుకుంది. ఆయనే తొట్టి ఎత్తేస్తూ తోలుపగడం ముక్క ఆమెకిచ్చాడు. మూడో రాయి బతికింది. గట్టి పగడాల జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. "అవి తీస్తే జైలు. జైలు లేకపోయినా తియ్యకూడదు" అనేది.

ఆమె శాస్త్రజ్ఞానం ఎంతటిదో ఒక్క సంగతి చెబుతాను. తొట్టి గాజుమీద నీటిమట్టం దగ్గర ఒక స్టిక్కరు బొట్టు అంటించి ఉండేది. వేసవిలో నీళ్లు వేడెక్కకుండా ఫ్యాను పెడితే నీళ్లు ఆవిరై బొట్టు కిందికి దిగేవి. తగ్గిన మేరకు సముద్రపునీరే పోస్తే పోలేదా అని అడిగాను, ప్రథమశ్రేణి విద్యార్థినిని కదా.

"నీరు ఎగిరిపోద్ది, ఉప్పు ఎగిరిపోద్దేటి? ఉప్పు అందులోనే ఉంటాది. మళ్లీ ఉప్పునీరు పోస్తే అయి ఊరగాయైపోతాయి. మంచినీరే పొయ్యాల. రెండుపూటలా పొయ్యాల. ఒక్కపాలి ఎక్కువ పోసినా తట్టుకోలేవు." 

ఆ తరువాత స్నాతకోత్తర విద్యలో ఈ విషయం నాకు గ్రాఫులతో చెప్పారు. కొత్తగా తెలిసిందేమీ లేదు.

పదిహేను రోజులకోసారి ఆదివారం కళింగపట్నం వెళ్లి రెండు క్యాన్లు నీళ్లు తెచ్చేది. ఒడ్డున ముంచుకునేది కాదు. అక్కడ వంశధార నది సముద్రంలో కలుస్తుంది, వానాకాలంలో ఉప్పు చాలదు అని, తమ్ముడు వేటకు వెళ్లినప్పుడు లోపలినుంచి పడవలో తెప్పించేది. తిరుగు బస్సులో ప్రతిసారీ కండక్టరుతో తగువే.

"ఏటమ్మా, నీళ్లు మోసుకెల్తన్నావు? శ్రీకాకుళంలో నీళ్లు లేవా?"

"ఉన్నాయి నాయినా. నాగావళి తియ్యగుంటాది. నా పిల్లలకి ఉప్పుదే కావాల."

"ఏం పిల్లలమ్మా నీకు?" 

"రాళ్లు" అనేది. బస్సంతా నవ్వేది. ఆమెకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా తుఫాను వచ్చింది. ఊరంతా స్తంభాలు కూలి నాలుగు రోజులు కరెంటు లేదు. పంపు ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, పగడాలు కుళ్లుతాయి, వాటి విషంతో మిగతావీ పోతాయి. బస్సులు లేక హాస్టల్లో చిక్కుకున్న మేం ముగ్గురు విద్యార్థినులం అప్ప ఇంటికి వెళ్లేసరికి ఆమె చెంబుతో నీళ్లు ముంచి, చేయి ఎత్తగలిగినంత ఎత్తు ఎత్తి, తొట్టిలోకి ధారగా పోస్తోంది. భుజం వాచిపోయింది.

"ఒసే గుంటల్లారా, వచ్చీరా! ఎత్తునుంచి పొయ్యండి, నురగ రావాల. ఆపకండి."

వంతులు వేసుకున్నాం. ఆ మధ్యలోనే ఎవరో వచ్చి ఎర్రయ్య ఇంటికప్పు ఎగిరిపోయిందని కబురు చెప్పారు. మనుషులు క్షేమమేనా అని అడిగింది. క్షేమమే అన్నారు. "అయితే కప్పు మళ్లీ ఏసుకుంటాడు" అని చెంబు అందుకుంది. నాలుగోనాడు ముడుచుకుపోయిన గుండీల్లో ఒకటి విచ్చింది. మేము చప్పట్లు కొట్టాం. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

ఇంతవరకూ రాసింది చదివి, ఇలాంటి మనిషిని కళాశాల నెత్తిన పెట్టుకుని ఉంటుందని మీరనుకోవచ్చు. ప్రయోగశాలలో ఒక మూల ఇస్తే ఆ తొట్టిని అక్కడ పెట్టి పిల్లలకు చూపిస్తానని ఆమె నలుగురు ప్రిన్సిపాళ్లను అడిగింది. అటెండరువి, సీసాలు చూసుకో అన్న జవాబే నలుగురి దగ్గరా వచ్చింది. మాటల్లో మర్యాద మాత్రం ఒకరికొకరికి తేడా.

విశాఖపట్నంలో చదువు ముగించి నేను అదే కళాశాలలో అధ్యాపకురాలిగా చేరిన సంవత్సరం, కళాశాలకు తనిఖీ బృందం వస్తుందన్నారు. ఉన్నట్టుండి పోలమ్మ తొట్టి అందరికీ గుర్తొచ్చింది. పదవీ విరమణకు మూడు నెలలున్న ఆమె, ఇన్నేళ్లకు అడిగారు కదా అన్న సంబరంతో, నీళ్లు క్యాన్లలోకి, రాళ్లు బకెట్లలోకి మార్చి, ఆటోలో నాలుగు విడతలుగా అన్నీ తెచ్చి కళాశాల ముఖద్వారం దగ్గర నిలబెట్టింది. బృందం వచ్చిన రోజున ఆమెను మెట్లకింద చెప్పుల దగ్గర నిలబెట్టారు. తొట్టి ముందు నన్ను నిలబెట్టారు.

నేను అనర్గళంగా మాట్లాడాను. లవణ సాంద్రత, ప్రవాహం, కాంతి, సహజీవనం. అన్నీ ఆమె నేర్పినవే. బృందంలో పెద్దాయన ముగ్ధుడై ఈ అద్భుతం ఎవరిది అని అడిగాడు. నేను ప్రిన్సిపాలు వైపు చూసి, "మా విభాగం పెంచిందండీ" అన్నాను. 

మధ్యాహ్నం అప్ప నన్ను పక్కకు పిలిచింది. 

"బాగా సెప్పినావే. నాకే ముచ్చటేసినాది. ఒక్కముక్కే తప్పు సెప్పినావు." 

ఏమిటని అడగవలసిన అవసరం నాకు లేదు.  ఆమె నా చీరకొంగు సర్ది సీసాలు కడగడానికి వెళ్లిపోయింది.

తొట్టి తిరిగి ఆమె ఇంటికి రాలేదు. ద్వారానికి శోభగా ఉంది, ఉండనీ అన్నారు. విరమణ తరువాత ఆమె రోజూ పొద్దున్నే మంచినీళ్ల సీసా పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది. కొన్నాళ్లకు గుర్తింపుకార్డు లేనివాళ్లను రానివ్వొద్దని వాచ్‌మన్‌కు ఆజ్ఞ అయింది. అప్పుడు నేను, "నేనున్నాను కదా అప్పా, నేను చూసుకుంటాను" అన్నాను. రెండు నెలలు చూసుకున్నాను కూడా.

దసరా సెలవుల ముందు ఆమె ఫోను చేసింది. "పదిరోజులు మూసేస్తారు కదమ్మా. నాకు తాళం ఇప్పించు. నాను వచ్చి నీరు పోసి, పంపు సూసుకుని ఎల్లిపోతాను. ఎవులికీ అడ్డు రాను." 

అడుగుతానన్నాను. అడగలేదు. నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ప్రిన్సిపాలుకు ఆమె పేరెత్తితేనే చికాకు. మరునాడు ఫోను చేసి, "అడిగాను అప్పా, కుదరదన్నారు" అని చెప్పాను. ఇది నేనెవరికీ చెప్పని అబద్ధం. ఆమె దాన్ని నమ్మింది.

సెలవులకు వెళ్తూ ఎవరో మెయిను స్విచ్చి ఆపేశారు. తిరిగి వచ్చేసరికి కళాశాల మెట్లమీదే దుర్వాసన. తొట్టిలో నీరు పాలలా తెల్లగా ఉంది. చేపలు తేలి ఉన్నాయి. గుండీలు జారిపోయి రాయి నగ్నంగా మిగిలింది. దాన్ని ముట్టడానికి స్వీపర్లు ఒప్పుకోలేదు. అప్పుడు ప్రిన్సిపాలు ఆఫీసునుంచి ఎవరికి కబురు వెళ్లిందో ఊహించగలరా? పోలమ్మకు. వచ్చి శుభ్రం చేసి పొమ్మన్నారు. ఆనాడు గుర్తింపుకార్డు ఎవరూ అడగలేదు.

వచ్చింది. కొంగు ముక్కుకు కట్టుకుని నీళ్లు తోడింది. తొడుగులు వేసుకుని రాళ్లను ఒక్కొక్కటిగా తీసి కడిగి గోనెలో పెట్టింది. గాజు తళతళలాడేలా తుడిచింది. నేను పక్కనే నిలుచున్నాను. ఒకసారి మాత్రం తలెత్తింది.

"ఇసకలో పడేసుంటే ఒక్కపూటలో సచ్చిపోయివి. నాను తెచ్చి, పదకొండేళ్లు బతికించి, మీసేత సంపించినాను."

మీచేత అన్నది. నీచేత అనలేదు. ఆ దయ నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. మళ్లీ మొదలుపెట్టు అప్పా, నేను సాయం చేస్తాను అని ఆ నెలలోనే ఇంటికి వెళ్లి బతిమాలాను. "ఇంకోపాలి సంపలేనమ్మా" అని కాఫీ పెట్టి ఇచ్చింది. ఆ తరువాత ఇల్లు ఖాళీచేసి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఈ ఏడాదిలో రెండుసార్లు వెళ్లాను. కుశలప్రశ్నలు వేసుకున్నాం. పగడాల మాట ఇద్దరం ఎత్తలేదు.

శుక్రవారం కళాశాలలో సంతాపసభ జరిగింది. ఇన్నేళ్లలో ఆమెను గారు అని సంబోధించిన మొదటి సందర్భం అదే. "పోలమ్మగారు మన అక్వేరియంను ఎంతో పరిశుభ్రంగా ఉంచేవారు" అన్నారు ప్రిన్సిపాలు. నేను లేచాను. అది మన అక్వేరియం కాదని, అది ఆమెదని, దాన్ని పెంచింది ఆమె అని, చంపినవాళ్లలో నేనొకతెనని, తాళం నేను అడగనేలేదని చెప్పాను.  

"ఇప్పుడవన్నీ దేనికమ్మా, కూర్చో" అన్నారాయన. తరువాత రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. నిమిషం కాకుండానే గంట కొట్టారు.

అందుకే ఇది రాస్తున్నాను. పగడాల గురించిన గ్రంథాలు మా గ్రంథాలయంలో ఉన్నాయి. అడిగితే ఎవరైనా తీసిస్తారు. నీళ్ల వాసన చూసి, పగడం రేపు జబ్బుపడుతుందని ఇవాళే చెప్పగల మనిషి మా జిల్లా మొత్తంలో ఒక్కతే ఉండేది. ఆమెను మేము సీసాలు కడగడానికి వాడుకున్నాం. అలాంటి మనిషి మళ్లీ మాకు దొరకదు. దొరికినా గుర్తుపట్టే యోగ్యత మాకున్నదని నేను చెప్పలేను.

అప్పా, క్షమించమని అడగను. అడగవలసిన ఏడాదంతా నువ్వు బతికే ఉన్నావు, బస్సెక్కితే గంటన్నర దూరంలో ఉన్నావు. నేను వచ్చి, కాఫీ తాగి, వెళ్లిపోయాను. నా నమస్కారం మాత్రం తీసుకో.