పన్నెండులో ఆరు

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్న కొత్తలో కంటికి కనబడినదల్లా చదివేదాన్ని. ఒకరోజు టార్చిలైటు సెల్లు మీద, గడియారంలో వేసే సన్న సెల్లు మీద ఒకే అంకె కనిపించింది: ఒకటిన్నర వోల్టు. లావుదీ సన్నదీ సమానమెలా అవుతాయని మనవరాలు అడిగింది. అది నాకు చదువు రాకముందే తెలుసు.

సరిహద్దులో యుద్ధం జరిగిన ఏడాది తెలిసింది. మాది కర్ణాటకలో కైవారం దగ్గర పల్లె. మా మరిది సైన్యంలో లారీ నడిపేవాడు. సెలవుకు వచ్చినప్పుడు ఒక ట్రాన్సిస్టర్ తెచ్చిపెట్టాడు. దానికి నాలుగు లావు సెల్లులు కావాలి. యుద్ధం మొదలయ్యాక అతని కబురే లేదు. వార్తల్లో కొడుకు పేరు చెప్పరని తెలిసినా, అవి వినకపోతే మా అత్తకు ముద్ద దిగేది కాదు.

అలాంటప్పుడు రేడియో గొంతు సన్నబడింది. మేం పెంచే పట్టుపురుగులు ఆఖరి మేతలో ఉన్నాయి. మల్బరీ ఆకు కోసి వేయడానికే మనుషులు చాలక, చింతామణికి పోయి సెల్లులు తెచ్చేవాళ్ళు లేరు. ముసురుకు పురుగులు ముడుచుకుపోకుండా గదిలో కుంపటి పెట్టి ఉంచాం. అత్త సెల్లులు నాలుగూ తెచ్చి ఆ కుంపటి పక్కనే పేర్చింది.

"పురుగులే లేస్తాండాయి, ఇవి లేయవా?"

నిజంగానే లేచాయి. ఆ పూట వార్తలు గట్టిగా వినిపించాయి. ఆమె మర్నాడు ఇంకాస్త దగ్గరగా పెట్టింది. రెండు సెల్లులు ఉబ్బి, నల్లటి జిగురు కక్కాయి. ఇక రేడియో పలకలేదు. అత్త అన్నం ముట్టలేదు.

ఆ సాయంత్రం పక్కింటివాళ్ళ పట్టుగూళ్ళను శిడ్లఘట్ట సంతకు వేసుకుపోవడానికి లారీ వచ్చింది. అత్త రేడియో పట్టుకుని దాని ముందు నిలబడింది.

"అప్పా, నీ బండి బ్యాటరీ ఇంత లావుండాది కదా, దీనికి తగిలించు. ఏడాదైనా పాడతాది."

మా ఆయన అప్పటికే తీగలు తెచ్చేశాడు. డ్రైవరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగన్నా! పాడేది కాదు, కాలిపోతాది. నా బ్యాటరీ పన్నెండు వోల్టులు. రేడియోకు నాలుగు సెల్లులూ కలిపి ఆరే."

"లావుదైతే ఎక్కువ దినాలు రాదా?"

"వస్తాదమ్మా. బ్యాటరీ నీళ్ళ తొట్టి అనుకో. ఎన్ని దినాలొస్తాదనేది తొట్టి పెద్దతనాన్ని బట్టి. వోల్టంటే నీళ్ళు ఎంత ఎత్తునుంచి పడతాయో అది. మోకాలెత్తునుంచి పారితే మడి తడుస్తాది. మిద్దెమీదనుంచి పోస్తే మడే కొట్టుకపోతాది."

"అయితే నా కొడుకు సంగతి నాకు తెలిసేదెట్లప్పా?"

డ్రైవరు బ్యాటరీ మూత తీశాడు. లోపల ఆరు గదులు, వాటిని కలిపే సీసం పట్టీలు పైకే కనబడుతున్నాయి. ఒక కొస నుంచి వేలు పెట్టి, గదికి రెండు వోల్టుల చొప్పున లెక్కపెట్టాడు. "రెండు, నాలుగు, ఆరు." మూడో గది దగ్గర ఆగి, రేడియోకు తగిలించిన తీగల్లో ఒకటి చుట్టాడు. రెండో తీగ మొదటి కొసకు అంటించేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఉన్న ఒక్క రేడియో కూడా పోతే అత్త ఏమైపోతుందో!

గరగరమంది. కన్నడంలో వార్తలు. కాల్పులు నిలిపేశారట. వీధి వీధంతా కేకలేసింది.

"నిలిపినారు సరే. మరి వాడు యాడుండాడు?" అంది అత్త.

డ్రైవరు తీగలు విప్పేసి వెళ్ళిపోయాడు.

పురుగులు గూళ్ళు కట్టడం మొదలెట్టాక మా ఆయన చింతామణి నుంచి కొత్త సెల్లులు తెచ్చాడు. అత్త వార్తల పూట మాత్రమే వాటిని వేసేది. వార్తలు కాగానే సెల్లులు తీసి కొంగున ముడేసుకునేది. నేను పాటలు పెట్టమంటే విరుచుకుపడేది.

"వాని కబురు వచ్చేదానికి ముందే ఇవి అయిపోతే? నువ్వు తెస్తావా?"

ఆ ముడి పట్టుకునే నిద్రపోయేది.

వేరుసెనగ పీకే రోజుల్లో మరిది సంచి భుజాన వేసుకుని వాకిట్లోకొచ్చాడు. గోడగూట్లో రేడియో చూసి, "ఏమ్మా, పలికేది లేదా ఇది?" అన్నాడు.

అత్త కొంగు ముడి విప్పి, నాలుగు సెల్లులూ కొడుకు చేతిలో పోసింది.