కోసిచ్చేదా, అట్టే ఇచ్చేదా

మా కంప్యూటర్ సారు పోయారన్న కబురు నాకు ఫోన్లో చెప్పింది మా మావ. పొద్దున ఏడు గంటలు. "సారు పోయినారంటరా, నిద్దట్లోనే. పేట బజార్లో ఉండా, నువ్వు రా," అన్నాడు. అంతే. ఆ వేళకి పులికాట్ సరస్సులో వల మీద ఉండాల్సిన మనిషి సూళ్లూరుపేట బజారులో ఎందుకున్నాడో అప్పుడు నాకు తట్టలేదు. తర్వాత తట్టింది. ఇది రాయడానికి సగం కారణం అదే.

సారుకి ఎరువుల కొట్టు మేడ మీద ఒక గది ఉండేది. ఆరు కంప్యూటర్లు, వాటిలో నాలుగు పనిచేసేవి. ప్రతి కీబోర్డుకీ ఇంట్లో కుట్టించిన గుడ్డ ఒకటి. క్లాసు అయ్యాక ఆ గుడ్డ కప్పకుండా లేచిపోతే, మెట్లు దిగినవాణ్ణి కూడా వెనక్కి పిలిచేవారు. నేను చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. చేతికందిన కరపత్రమల్లా చదివి, లోకంలోని అన్యాయమంతా నాకొక్కడికే అర్థమైందనుకునే వయసు. ఆ వయసు ఇంకా పూర్తిగా దాటలేదు.

వెబ్ పేజీ చేయడానికి రెండు దారులున్నాయి. ఎక్కడో ఉన్న సర్వర్‌లోనే పేజీని పూర్తిగా తయారుచేసి పంపడం ఒకటి. సమాచారమనే పచ్చి సరుకూ, దాన్ని పేజీగా కట్టే స్క్రిప్టూ పంపించి, మిగతా పని చదివేవాడి ఫోనుకే వదిలేయడం రెండోది. మా దగ్గర చేప తూచాక, "కోసిచ్చేదా, అట్టే ఇచ్చేదా?" అని అడుగుతారు. మేం ఏ పేజీ మొదలుపెట్టినా సారు వెనక నిలబడి సరిగ్గా అదే అడిగేవారు. ఆ వెంటనే, "తీసుకునేవాడి ఇంట్లో కత్తిపీట ఉందా?" అనేవారు.

మా ఊరి పడవలవాళ్ల కోసం గాలీవానా కబుర్లు చూపించే పేజీ చేద్దామనుకున్నాం. సారు సర్వర్ ఫ్రేంవర్క్‌తో, అంటే కోసిచ్చే పద్ధతిలో, చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. సర్వర్ అంటే పెత్తనమంతా ఒక్కచోట పోగుపడటమనీ, పని జనం చేతిలోని ఫోనే చేయాలనీ వాదించాను. "సర్వర్ అంటే జమీందారీ సార్," అని బల్ల గుద్దాను కూడా. సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "జమీందారు సంగతి తర్వాత చూద్దాం గానీ, మీ మావ ఫోను ఎప్పటిదయ్యా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన కాలం అయిపోయిందని నలుగురి ముందూ అనేసి మెట్లు దిగాను. గుడ్డ కప్పలేదు. ఆ రోజు ఆయన వెనక్కి పిలవలేదు.

పేజీ నా పద్ధతిలోనే చేశాను. నా ఫోన్లో చూడముచ్చటగా ఉండేది. గాలి ఎటు వీస్తే అటు బాణాలు కదిలేవి. ఒకరోజు వాయుగుండం హెచ్చరిక వచ్చింది. నేను నాయుడుపేటలో ఉన్నాను. నా ఫోన్లో హెచ్చరిక ఎర్రగా కనబడింది. మావ కూడా చూసే ఉంటాడని ఊరుకున్నాను. మావ రేవులో నిలబడి పేజీ తెరిచాడు. పాత ఫోను, ఒకే ఒక్క గీత సిగ్నలు. నా స్క్రిప్టును ఆ ఫోను మోయలేకపోయింది. తెర తెల్లగా ఉండిపోయింది. హెచ్చరిక ఏమీ లేదు కాబట్టే తెల్లగా ఉందనుకుని మావ పడవ తోశాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. పడవ తిరగబడింది. లోతు తక్కువ చోట కాబట్టి సరిపోయింది. బోర్లాపడ్డ పడవనే పట్టుకుని, నడిచీ ఈదీ, సాయంత్రానికి ఒడ్డు చేరాడు. నన్ను తిట్టలేదు. "తెల్లంగా ఉండింది గదరా, ఏం లేదనుకున్నా," అన్నాడు. దానికన్నా చెంపమీద కొట్టినా బాగుండేది.

మర్నాడు సారు గదికి వెళ్లాను. దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలు మెట్ల మీదే పోయాయి. ఆయన కుర్చీ జరిపి, "మీ మావ బాగుండాడా?" అని అడిగారు. బాగున్నాడన్నాను. "అయితే కూర్చో." నేను ముందే చెప్పలేదా అని ఆయన ఒక్క మాట అని ఉంటే మళ్లీ గొడవపడేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు. అనలేదు. నేనే, తప్పు నాది సార్ అన్నాను. ఆయన తల ఊపి కంప్యూటరు వేశారు.

పది రోజులు పక్కపక్కన కూర్చున్నాం. సర్వరే హెచ్చరిక తెచ్చుకుని, పోవచ్చో పోవద్దో మొదటి పంక్తిలోనే రాసి పంపేలా చేశాం. బాణాలు తీసేశాం. నా స్క్రిప్టును మాత్రం సారు పారేయనివ్వలేదు. సరస్సు నడిమధ్యలో సిగ్నలు పోతే, చివరగా వచ్చిన పేజీని ఫోన్లో దాచి చూపించే పని దానికి పెట్టాం. "ఇది నా సర్వరు వల్ల కాదబ్బా," అని ఒప్పుకున్నారు. అది ఎన్ని గంటల మాటో కింద రాయాలని మాత్రం పట్టుబట్టారు, పాత కబురు కొత్తదానిలా కనబడకూడదని. పేజీ మావ ఫోన్లో మొదటిసారి తెరుచుకున్నప్పుడు ముగ్గురం దాని మీదికి వంగి ఉన్నాం. "కోసిన చేప," అన్నారు సారు. ఆ సాయంత్రం నేను గుడ్డలు ఆరూ కప్పి దిగాను.

ఆ తర్వాత ఆయన నాలుగు నెలలే ఉన్నారు. తప్పు ఒప్పుకోకముందే ఆయన పోయి ఉంటే నా గతేమిటని అప్పుడప్పుడూ భయం వేస్తుంది. అలా జరగలేదు. ఏడుస్తూ కూడా గుండెల నిండా గాలి పీల్చుకోగలిగానంటే అందుకే.

ఆయన పోయిన రోజు సూళ్లూరుపేటలో ఆయన ఇంటి ముందు మా ఊరి పడవలవాళ్లంతా నిలబడి ఉన్నారు. ఏంది మావా, ఎవరూ చేపల వేటకి పోలేదే అన్నాను. మావ తన పాత ఫోను నా చేతిలో పెట్టాడు. మొదటి పంక్తిలో "పోవద్దు" అని ఉంది. కింద, చిన్న అక్షరాల్లో: ఉదయం నాలుగు గంటల మాట.

పాడె లేచేసరికి గాలి మొదలైంది. ముందు నడుస్తున్న వాళ్ల భుజాల మీద తువ్వాళ్లు టపటపా కొట్టుకుంటున్నాయి. అక్కడ మా ఊరి రేవులో పడవలన్నీ వరసగా బోర్లించి ఉన్నాయి, ఒక్కదాని అడుగు కూడా తడవకుండా.