అక్క జడలో మరువం, బావ విస్తట్లో ఇటలీ కోడి

ఒక కోడి, ఒక గంప టమాటాలు, ఒక తెలివితక్కువ తమ్ముడు. ఈ ముగ్గురూ కలిస్తే పచ్చని కాపురం ఎంత సులువుగా కూలుతుందో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ తమ్ముణ్ణి నేనే.

ఎనభైల నాటి మాట. బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో ప్లేట్లు కడిగి తమిళనాట మా ధర్మపురికి తిరిగొచ్చినాను. అక్కడి వంటమేస్త్రి ఇటలీ కోడి వండుతుంటే వెనక నిలబడి చూసినాను. చూసినానంటే, ఆయన వీపు చూసినాను. అయినా వీధిలో మాత్రం ఇటలీలోనే పుట్టి పెరిగినట్టు తిరిగినాను.

అప్పుడు మా అక్క మొగునితో పోట్లాడి పుట్టింటికొచ్చి ఉంది. ఆమెను తీసుకుపోదామని ఒక ఆదివారం బావ బొమ్మిడి నుంచి వచ్చినాడు. అక్క గది దాటి రాలేదు. నోరూరే భోజనం పెడితే అల్లుని మనసు మెత్తబడుతుందనీ, లేకుంటే ఒంటరిగానే వెళ్ళిపోతాడనీ అమ్మ దిగులు.

"నాటుకోడి పులుసు పెడతాను" అంది.

"పులుసు పాతబడిందమ్మా! ఇటలీ సాసు తింటే బావ అక్కతోపాటు నిన్నూ నన్నూ కూడా ఎత్తుకుపోతాడు."

గంపెడు టమాటాలు ఉడకేసినాను.

"ఒక కోడికి ఇన్ని తక్కాళ్ళా? వండుతున్నావా, ముంచి చంపుతున్నావా?" అంది అమ్మ.

మేస్త్రి చల్లే ఆకు పేరు తెలియదు గానీ, వాసన మన మరువంలాగే ఉండేది. ఇంట్లో మరువం ఉండేది ఒకే చోట, గోడవైపు తిరిగి అలిగి పడుకున్న అక్క జడలో. పిల్లిలా పోయి పూలదండలోంచి గిల్లుకొచ్చినాను. ఇటలీవాళ్ళు ఎముకలు కొరకరని, ఒక్క ఎముక మిగలకుండా తీసిపారేసి మాంసమంతా సాసులో కలిపేసినాను.

ఇక్కడే చచ్చినాను. మా ఇళ్ళలో అల్లుడొస్తే కోడికాలు ఆయనది. అది కూరముక్క కాదండీ, కిరీటం!

బావ విస్తరంతా కెలికినాడు. "కోడికాలు ఏదప్పా?"

"సాసులో కలిసిపోయింది బావా."

"అల్లునికి కాలు పెట్టలేదంటే, పొమ్మన్నట్టే గదా!" అని లేచినాడు. అమ్మ ముఖంలో నెత్తురు లేదు.

అక్క తుపానులా బయటికొచ్చింది. "వానికి బుద్ధి లేదని ఊరంతటికీ తెలుసు. వాని మీద కోపంతో నన్ను వదిలేసి పోతావా? ఒక ముద్ద తిని పో!"

బావ కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలినాడు, ఆగినాడు, కళ్ళు పెద్దవి చేసినాడు.

"ఏమే, ఈ కోడికి నీ జడ వాసన వస్తా ఉండాదే!"

అక్క చెయ్యి జడ మీదికి పోయింది. "నా మరువం ఎవడ్రా గిల్లింది?"

ఎవడో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. బావ నా రెక్క పట్టుకున్నాడు, అక్క గరిటె అందుకుంది. వాళ్ళు చాలా కాలానికి నవ్వుతూ కలిసి చేసిన మొదటి పని నన్ను బాదడం. ఆ సాయంత్రం బండికే జంటగా వెళ్ళిపోయినారు. పోతూ బావ, "నీ వంట తినే పని లేదు గనక మా ఇల్లే మేలప్పా" అన్నాడు. బిడ్డ కాపురం నిలిచిందని అమ్మ కళ్ళనీళ్ళతో వాకిట్లో నిలబడి చేతులు జోడించింది. నేనూ జోడించినాను, ఈ రోజుకీ జోడిస్తాను. అంత పాడు కోడిని మింగి మా అక్కను ఏలుకున్న మహానుభావుడు ఆయన!

కనుక పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ గరిటె ముట్టను. మా చుట్టాల్లో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే మాత్రం పోయి గుమ్మంలో నిలబడి ఒకే మాట అడుగుతాను: "సర్దుకుంటారా, నన్ను వండమంటారా?"

ఇంతవరకూ వండే పని పడలేదు.