వరుస చివర కుర్చీ

మా మసీదులో కుర్చీలు వరుసకి చివర, గోడవారన ఉంటాయి. వంగలేని ముసలివాళ్ళు వాటి మీద కూర్చుని నమాజు చేసుకుంటారు. మిగతావాళ్ళమంతా నాపరాళ్ళ మీద చాప పరుచుకుని, భుజానికి భుజం ఆనించి నిలబడతాం. మధ్యలో కాస్త సందు కనిపిస్తే చాలు, దగ్గరికి జరగమని ఎవరో ఒకరు కసురుతారు. నలభై దాటిన కొత్తల్లోనే నాకు ఆ కుర్చీ గతి పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

మాచర్లలో మోటారుసైకిళ్ళు బాగుచేసే చిన్న షెడ్డు నాది. మెకానిక్కుకి చేతులు ఎంతో మోకాళ్ళూ అంతే. పొద్దున గొంతుక్కూర్చుంటే సాయంత్రానికి లేవడం. ఒక ఎండాకాలం పాత బరువు బండి ఒకటి స్టాండు జారి, కింద కూర్చున్న నా కుడిమోకాలి మీద పడింది. బండినీ, బండి తెచ్చినవాణ్ణీ కలిపి తిట్టి, పసుపు పట్టు వేసుకుని మళ్ళీ పనిలో కూర్చున్నాను. వాపు తీసింది గానీ లోపల ఏదో మిగిలిపోయింది. మడిచినప్పుడల్లా ఇసుక రేణువు ఇరుక్కున్నట్టు కరకరలాడేది.

అప్పటికి నా భార్య జ్వరంతో పోయి కొన్నేళ్ళయింది. పిల్లల్లేరు. వంట నాదే, తినడం నాదే, ఉప్పెక్కువైందని తిట్టేదీ నన్ను నేనే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. రోజు మొత్తంలో ఇంకో మనిషి ఒళ్ళు నాకు తగిలేది పొద్దుగూకినాక చేసే మగ్రిబ్ నమాజు వరుసలోనే. షెడ్డు కట్టేసి, గ్రీజు వదిలేదాకా చేతులు తోముకుని, కాళ్ళూ ముఖం కడుక్కుని వెళ్ళి నిలబడేవాణ్ణి. ఎడమపక్క ఎవరొస్తారో చెప్పలేం. కుడిపక్క మాత్రం ఎప్పుడూ పరుపులు కుట్టే మామే.

ఆయన నాకేమీ చుట్టం కాదు. వాడంతా మామ అనేది, నేనూ అన్నాను. అరవై దాటిన మనిషి, చొక్కా మీద ఎప్పుడూ దూది పింజలు అంటుకుని ఉండేవి. మసీదు బయట మేము కూర్చుని మాట్లాడుకున్నది లేదు. సజ్దాలో నేలకి తల ఆనించి లేచేటప్పుడు ఆయన మోకాళ్ళు టక్కుమనేవి. నమాజయ్యాక చెప్పులేసుకుంటూ, "ఏందల్లుడా, ఇందాక మోగింది నీదా నాదా?" అనేవాడు. "నా బండికి సైలెన్సరుంది మామా, నీదే" అనేవాణ్ణి. మా స్నేహమంతా అంతే, రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

ఒక సాయంత్రం సజ్దాలో నా మోకాలు పట్టేసింది. వరుసంతా లేచి నిలబడింది, నేనొక్కణ్ణే నేల మీద ఉండిపోయాను. నమాజయ్యాక మామ చంకల కింద చేతులేసి లేపాడు. మర్నాడు వెళ్ళేసరికి గోడవారన కొత్త నీలం కుర్చీ కనిపించింది.

"నీకే తెచ్చా అల్లుడా. ఊరికే ఇబ్బంది పడమాక, ఇందులో కూర్చో" అన్నాడు, భుజం మీది తువ్వాలుతో దుమ్ము దులుపుతూ.

ప్రేమతోనే తెచ్చాడు. ఆ ప్రేమ చూసి నాకు ఒళ్ళు మండింది. అయినా కూర్చున్నాను, ఏం చేస్తాను! నాకూ వరుసలో చివరి మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత సందు. ఆ సందుని మాత్రం ఎవరూ కసరలేదు. కుర్చీలో ఉన్నవాడి పక్కన సందు ఉండటం మా దగ్గర మామూలే.

ఒక నెల ఓర్చుకుని, షెడ్డుకి తాళమేసి నరసరావుపేట బస్సెక్కాను. అక్కడ ఎముకల డాక్టరు స్కానింగు తీయించి, ఫిల్మును వెలుగుకి పెట్టి చూపించాడు. ఎముకల చివర్లకి నున్నటి పొర ఉంటుందట. మనం గుజ్జు అరిగిపోయింది అంటామే, అదే. నా మోకాలిలో అది చొక్కా గుండీకంటే కాస్త ఎక్కువ మేర ఊడిపోయింది. చుట్టుపక్కల అంతా బాగానే ఉందన్నాడు.

"దానంతటదే రాదాండీ? చర్మం తెగితే వస్తది గదా."

"చర్మానికి రక్తం అందుతుంది. ఈ పొరకి అందదు. పోయింది పోయినట్టే."

తర్వాత ఓపిగ్గా ఒక్కొక్క దారీ చెప్పాడు. చిన్న రంధ్రం లోంచి కెమెరా పెట్టి, ఊడి వేలాడుతున్న ముక్కలు తీసేసి శుభ్రం చేయొచ్చు. త్వరగా నడవొచ్చు గానీ గుంట గుంటలాగే ఉంటుంది. లేదంటే ఆ గుంటలో ఎముకకి సన్నగా బెజ్జాలు వేస్తారు. లోపలి మూలుగ రక్తం పైకి ఊరి, గడ్డకట్టి, మచ్చలాంటి కొత్త పొర అవుతుంది. అది అసలు దానంత గట్టిది కాదు. మూడోది, అదే మోకాలిలో బరువు అంతగా పడని చోటినుంచి ఎముకతో సహా చిన్న చిన్న బిరడాల్లాగా పొర తీసి, గుంటలో దిగ్గొట్టడం. ఇంకోటి, కణాలు తీసి పెద్ద ఊరి ల్యాబులో పెంచి, తెచ్చి నింపడం. దానికి రెండుసార్లు కోయాలి, అది మన తాహతుకి మించినదని ఆయనే అన్నాడు. కీలు మొత్తం మార్చడం మాత్రం పూర్తిగా అరిగిన పెద్దవాళ్ళకట, నాకొద్దన్నాడు.

"అంటే అదే బండి పార్టు పీకి అదే బండికి బిగిస్తారా!" అన్నాను మూడోదాని గురించి. ఆయన నవ్వి, నాకు అదే సరిపోతుందన్నాడు.

నేను అడగాల్సింది ఒక్కటే ఉంది. "సార్, దేనికైతే నేల మీద మోకాళ్ళేసి కూర్చోగలను?"

"నడుస్తారు, మెట్లెక్కుతారు. షెడ్డులో గొంతుక్కూర్చోవడం మానేయాలి, బండిని ఎత్తు మీద పెట్టి పని చేసుకోండి. నేల మీద కూర్చోవడమంటే... రావచ్చు, రాకపోవచ్చు. నేను మాటివ్వలేను." ఫిల్ము కవర్లో పెడుతూ అడిగాడు, "ఆరు వారాలు ఆ కాలు కింద మోపకూడదు. ఇంట్లో ఎవరున్నారు?"

నేను చెయ్యి చాచి ఆ కవరు అందుకున్నాను. "ఉన్నారు" అన్నాను.

ఆపరేషన్ రోజు తోడు మనిషి లేకపోతే చేర్చుకోం అన్నారు. ఎవర్ని అడగను? కుడిపక్క నిలబడే మనిషిని అడిగాను. కుట్టే పరుపు అలాగే వదిలేసి వచ్చాడు మామ. కాలి కింద పెట్టుకోవడానికి చిన్న దూది మెత్త ఒకటి కుట్టి సంచిలో తెచ్చాడు. "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని నర్సు అడిగితే, "నా అల్లుడమ్మా" అన్నాడు తడుముకోకుండా. కాగితం మీద వేలిముద్ర వేశాడు. నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

డిశ్చార్జి నాడు నేనే డాక్టరుకి చెప్పాను, మామ మోకాళ్ళు కూడా చూడమని. ఆయన వంచి, నొక్కి చూసి, ఇవి ఎక్స్‌రే తీయకుండానే తెలిసిపోతున్నాయి, మొత్తం అరిగాయి, మాసికలు పనికిరావు, కీళ్ళు మార్చాల్సిందే అన్నాడు. మామ లుంగీ సర్దుకుంటూ, "పాత పరుపు సారూ, దూదంతా గడ్డగట్టింది. ఉన్నన్నాళ్ళు దీనిమీదే పడుకోటం" అని నవ్వాడు.

ఇంటికొచ్చిన మొదటి వారం వాడంతా పరామర్శకి వచ్చింది. బ్రెడ్డు ప్యాకెట్లూ అరటిపళ్ళూ కుప్ప పడ్డాయి. అందరూ ఒక్కసారి వచ్చారు, ఒక్కసారి రావడంతో బాధ్యత తీరింది. తర్వాత తలుపు చప్పుడే లేదు. మామ పెళ్ళిళ్ళ పరుపులకని వెల్దుర్తి, ఈపూరు తిరుగుతున్నాడు. చంకల్లో కర్రలతో పొయ్యి దగ్గర ఒంటికాలి మీద నిలబడి అన్నం వండుకునేవాణ్ణి. గిన్నె జారిపడితే ఆ చప్పుడుకైనా పక్కింటివాళ్ళు ఏందని అడుగుతారేమోనని చూసేవాణ్ణి. ఒంటరితనం మనిషిని ఇంత దిగజారుస్తుందని నాకు తెలియదు.

కర్రలు వదిలాక మసీదుకి వెళ్ళాను. నన్ను చూడగానే మామ గబగబా కుర్చీ జరిపి, తువ్వాలుతో తుడిచాడు. నేను నడుస్తున్నాను మొర్రో అన్నా వినడే! రోజూ ఆ కుర్చీ, రోజూ ఆ తుడవడం. ఒకరోజు ఇక ఉండబట్టలేక, మోకాలు పూర్తిగా వంగేదాకా మసీదు గడప తొక్కకూడదని నిర్ణయించుకున్నాను. చెబితే మళ్ళీ ఏ దిండో కుట్టుకొస్తాడని మామకీ చెప్పలేదు. వంగినరోజు తిన్నగా వెళ్ళి ఆయన పక్కన నిలబడి, మోగింది నీదా నాదా అని నేనే అడగాలని ఆశ.

ఆ వానాకాలమంతా ఇంట్లోనే. మామ కుట్టిచ్చిన మెత్త మోకాలి కింద పెట్టుకుని, మంచంపట్టె పట్టుకుని, నేలకి కాస్త కాస్త దిగేవాణ్ణి. నొప్పికి నోటికొచ్చింది తిట్టి, అది నమాజు చాప అని గుర్తొచ్చి లెంపలేసుకునేవాణ్ణి. చివరికి ఒకరోజు మెత్త తీసేసినా నుదురు నేలకి ఆనింది. అలాగే ఉండిపోయి ఏడ్చాను. సంతోషంతోనే, కానీ చెప్పుకోవడానికి ఆ ఇంట్లో పిల్లి కూడా లేదు.

మర్నాడు మగ్రిబ్‌కి ముందే వెళ్ళాను. వరుసలో నా పాత చోటు ఖాళీగానే ఉంది. దాని కుడిపక్క కూడా ఖాళీగా ఉంది. గోడవైపు చూశాను. నీలం కుర్చీలో మామ కూర్చుని ఉన్నాడు.

నన్ను చూసి గాభరాగా రెండు చేతులూ కుర్చీ మీద మోపి లేవబోయాడు. "రా అల్లుడా, ఇది నీదే గదా. నువ్వు రాటంలేదని చానా రోజుల్నించి నేనే..."

"కూర్చో మామా. నాకక్కర్లా" అని అక్కడే మోకాళ్ళు మడిచి కూర్చుని చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఓరి నీ! వంగిందే! పో, పోయి వరుసలో నిలబడు, సందుంది" అన్నాడు.

నేను పోలేదు. కుర్చీ వెనక్కి వెళ్ళి, మామతో సహా దాన్ని వరుసలోకి లాక్కొచ్చాను. నాపరాళ్ళ మీద అది కీచుమంటే ఎవరో విసుక్కున్నారు, విసుక్కోనీ. ఇన్నాళ్ళూ ఈ పని ఎవరికీ తోచలేదు, ఆ కుర్చీలో కూర్చున్న నాకూ తోచలేదు.

మామకి ఎడమపక్క నిలబడ్డాను. నేను నిలబడితే ఆయన భుజం నా నడుముకి తగిలింది. నేను నేల మీద కూర్చుంటే నా భుజం ఆయన మోకాలికి తగిలింది. నమాజు మొత్తంలో మా భుజాలు ఒక్కసారి కూడా ఒక ఎత్తున కలవలేదు. సజ్దా నుంచి లేస్తుంటే నా మోకాలు టక్కుమంది.

చెప్పులు వేసుకునేటప్పుడు మామ నా చెయ్యి పట్టుకుని, "ఇందాక మోగింది నీదేలే అల్లుడా" అన్నాడు. "నాది ఇంక మోగదు."

"నాదే మామా" అన్నాను.