హాజర్ సార్

రిటైరయ్యాక హుస్సేనీ ఆలంలోని మా ఇంటి నుంచే ఫోన్‌లో వీడియో క్లాసు పెట్టి పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ధూల్‌పేట్ అమ్మాయి ఒకతె ఎప్పుడూ కెమెరా తెరిచేది కాదు. పేరు పిలిస్తే మాత్రం "హాజర్ సార్" అనేది, రోజూ అదే సాగదీతతో. చదువు వదిలేసిందేమోనని అనుమానం వచ్చి, ఒకరోజు పాఠం పద్ధతి మార్చాను. తమ కిటికీలోంచి కనబడే ఒక కోణం గురించి ప్రతి ఒక్కరూ చెప్పాలి.

ఆమె వంతు వచ్చింది. "ఏం కనబడుతున్నది బిడ్డా?"

"హాజర్ సార్."

మళ్లీ అడిగాను. ఆ నల్లటి గడిలోంచి నా గొంతుతోనే, నా అలవాటు మాటే వినిపించింది: "అర్థమైందా?"

ఫోన్‌ను చెవి దగ్గరికి తెచ్చుకున్నాను.

అంతలో తల్లి ఫోనందుకుంది. "మా బిడ్డ గణపతి బొమ్మలకు రంగులేస్తున్నది సారూ. ఫోను పంజరం కాడ పెట్టి పోతది. పలికేది మా చిలుక!"

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"రేపు ఫోను బొమ్మల కాడనే పెట్టమనమ్మా. గణపతి మోచేతులల్లనే కోణాలు చూపిస్త."

ఆమె జవాబిచ్చేలోపే వెనక నుంచి నా గొంతు అడిగింది: "అర్థమైందా?"